మధ్యవర్తికి యోగ్యతాపత్రము

పంచతంత్రమునందలి మూడవ తంత్రములో ఒక తగవు కథ కలదు. ఒక చెట్టు తొఱ్ఱలో కాపురముండిన కపింజలపక్షి మేతకై దూరదేశము పోయి చాలకాలము తిరిగి రాలేదు. ఆ ఖాళీ యింటిలో ఒక కుందేలు చేరెను. పక్షి తిరిగివచ్చి యిల్లు తనదనెను. ఇప్పుడుంటున్నది తాను గనుక తనదే యని కుందేలు వాదించెను. ఇరువురును తీర్పరిని వెదకుచు పోగా, నదీతీరమున దర్భలు చేతబట్టి, సూర్యుని వైపు మొగమెత్తి ధర్మోపన్యాసము చేయుచున్న పిల్లి యొకటి కనబడెను. ఆ వేషమును చూచి వారికి గురి కలిగెను. ముసలితనముచేత తనకు చెవులు సరిగా వినబడవనియు, దగ్గరకు వచ్చి చెప్పవలసినదనియు పిల్లి కోరెను. వారు దగ్గరకు పోయిరి. ఇరువురును పిల్లికి ఆహారమైరి.

కపటులను నమ్మరాదనుటయే ఈ కథలోని నీతి యని పెద్దలు చెప్పుదురు. అది నిజమే. కాని ఈ కథను మరియొక విధముగా గూడ చదువవచ్చును. తగవు తీర్చువానిని ఎన్నుకొనునప్పుడు ఆ యిరువురును చూచినదేమి? దర్భలు, ధ్యానము, తియ్యని మాటలు. అడుగక విడిచినదేమి? ఇతడీ పనిని ఎచ్చట నేర్చెను? ఇంతకుముందు ఎవరి తగవులు తీర్చెను? తప్పు చేసినచో ఇతనిని నిలదీయువారెవరు? ఈ మూడు ప్రశ్నలే నేటి మన ప్రసంగవిషయము. మధ్యవర్తిగా కూర్చుండువానికి శిక్షణయు, యోగ్యతాపత్రమును ఉండవలెనా? ఉన్నచో అవి మనకు దేనికి హామీ యిచ్చును, దేనికి ఈయజాలవు?

ముందుగా మాటల సంగతి కొంత తేల్చుకొందము. తగవు అనగా నేడు జగడము. పూర్వకవుల వాడుకలో తగవనగా న్యాయము, ఉచితమైనది. అట్టి న్యాయము చెప్పువానికి తగవరి యని పేరు. కలహమునకును, కలహము తీరు మార్గమునకును ఒకే మాట యగుట మన భాషలోని యొక చిత్రము. మధ్యవర్తి యను మాటకు గూడ రెండర్థములు స్థిరపడినవి. అయితే ఈ రెండర్థములు చిత్రముతో సరిపోవునవి కావు, చిక్కు తెచ్చిపెట్టునవి. ఇరుపక్షముల వాదములు విని, పత్రములు చూచి, తానే తీర్పు చెప్పువానిని మధ్యవర్తి యందుము. తీర్పు చెప్పక, ఇరుపక్షములను కూర్చుండబెట్టి మాటలాడించి, వారి పరిష్కారమును వారే కనుగొనుటకు తోడ్పడువానిని గూడ మధ్యవర్తి యనియే యందుము. ఇంగ్లీషున మొదటివాడు ఆర్బిట్రేటరు, రెండవవాడు మీడియేటరు. నేడు మనము చెప్పుకొనునది ఈ రెండవవానిని గూర్చియే.

రాయబారి గూడ మధ్యవర్తి కాడు. శ్రీకృష్ణ రాయబారము మన నాటకరంగమున తరతరములుగా ప్రదర్శింపబడుచున్నందున, సంధికై పోవువాడెల్ల మధ్యవర్తి యను భావము మనలో పలువురికి కలదు. కృష్ణుడు కౌరవసభకు పాండవుల పక్షమున పోయెను. తన పక్షమును ఆయన దాచలేదు. మధ్యవర్తికి పక్షముండరాదు, ఉన్నచో ముందుగానే చెప్పి తప్పుకొనవలెను.

ఇంతకాలము ఊరి రచ్చబండపై కూర్చున్న పెద్దమనిషికి ఏ విశ్వవిద్యాలయము పట్టమిచ్చినది, ఇప్పుడీ సర్టిఫికెట్ల గొడవ యేల, అని కొందరడుగుదురు. ఈ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. ఆ పెద్దమనిషికి పట్టము లేకపోయినను అతని వెనుక ఒక హామీ కలదు. ఏ గట్టు ఎవరిదో, ఏ బాకీ ఏనాటిదో అతనికి తెలియును. అతడు పక్షపాతము చూపినచో మరునాడు ఆ వీధినే నడువవలెను, ఆ చెరువు గట్టుననే నలుగురికి ఎదురుపడవలెను. ఊరే అతని యోగ్యతాపత్రము. దానిని రద్దు చేయగలిగినదియు ఊరే.

అయితే ఆ యేర్పాటులోని లోపములను గూడ మనము మరువరాదు. పంచాయితీలో స్త్రీలకు చోటు దొరకుట అరుదు. కులములో తక్కువవాడని యెంచబడినవాడు దూరముగా నిలిచి వినవలసి వచ్చెడిది. అప్పిచ్చిన ఆసామియే పెద్దమనిషి యగునప్పుడు అప్పుపడినవాడు తల యూపుట అంగీకారమో, భయమో తెలియదు. నలుగురు చెప్పిన మాటకు కట్టుబడుమనుట అప్పుడప్పుడు బలవంతుని మాటకు లొంగుమనుటయే యయ్యెను.

మరియు, నేటి పట్టణములో ఆ ఊరు లేదు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఫ్లాటు కొన్నవాడికిని, కట్టినవాడికిని నడుమ వివాదము వచ్చినదనుకొందము. వారు కలుసుకొను మధ్యవర్తి ఎవరో ఇరువురికిని తెలియదు. ఆ పని ముగిసిన పిమ్మట వారు మరల కలుసుకొనకయే పోవచ్చును. ఊరు చేసిన పనిని ఇక్కడ మరియేదో చేయవలెను. శిక్షణ, నమోదు, ప్రవర్తనా నియమావళి అను ఈ మూడింటి అవసరము అక్కడ పుట్టినది.

మన దేశమున ఈ పని క్రమముగా సాగినది. 1999 నాటి సవరణ చట్టముచేత సివిల్ ప్రొసీజరు కోడునందు 89వ సెక్షను చేర్చబడి, 2002 జూలై 1 నుండి అమలులోనికి వచ్చెను. రాజీకి అవకాశము కనబడిన దావాలను మధ్యవర్తిత్వము మొదలగు మార్గములకు పంపుటకు ఇది కోర్టులకు వీలు కల్పించెను. దీనిని ప్రశ్నించుచు సేలము న్యాయవాదుల సంఘము సుప్రీంకోర్టునకు పోగా, ఆ న్యాయస్థానము సవరణలను సమర్థించుచునే, అమలు విధానమును సూచించుటకై ఒక కమిటీని నియమించెను. దానికి అధ్యక్షత వహించినవారు జస్టిస్ ఎం. జగన్నాథరావు. ఆయన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగాను, సుప్రీంకోర్టు న్యాయమూర్తిగాను పనిచేసి లా కమిషన్‌కు అధ్యక్షులైనవారు. ఆ కమిటీ తయారుచేసిన నమూనా నియమములను సుప్రీంకోర్టు 2005 ఆగస్టు 2 నాటి తీర్పులో హైకోర్టుల ముందుంచెను.

ఆ నమూనా నియమములు మధ్యవర్తుల జాబితాలో ఎవరిని చేర్చవచ్చునని చెప్పినవి? విశ్రాంత న్యాయమూర్తులు, 15 ఏండ్ల అనుభవము గల న్యాయవాదులు, అంతే అనుభవము గల ఇతర వృత్తుల నిపుణులు. అనగా తొలుత పెద్దపీట వేయబడినది వయస్సునకును, హోదాకును. అది సహజమే. కాని హోదా వేరు, ఈ విద్య వేరు. న్యాయమూర్తి జీవితమంతయు తీర్పు చెప్పుటకు అలవాటుపడినవాడు. మధ్యవర్తి కుర్చీలో తీర్పు నాలుక చివరకు వచ్చినను మ్రింగుకొనవలెను. న్యాయవాది ఒక పక్షమున వాదించుటలో ఆరితేరినవాడు. ఇక్కడ రెండు పక్షముల మాటయు సమానముగా చెవిని బెట్టవలెను. అందుచేత వీరికి క్రొత్తగా నేర్చుకొనవలసినదెంత కలదో, పాతది మరువవలసినదియు అంతే కలదు.

2005 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మధ్యవర్తిత్వ, రాజీ ప్రణాళికా సంఘము నొకదానిని ఏర్పరచెను. మధ్యవర్తికి 40 గంటల శిక్షణయు, స్వయముగా 10 వ్యాజ్యములలో మధ్యవర్తిత్వము నడిపిన అనుభవమును అవసరమని ఆ సంఘము నిర్ణయించెను. మన దేశమున హోదానుండి విద్యకు దృష్టి మరలినది ఇక్కడనే.

40 గంటలలో నేర్పునదేమి? మధ్యవర్తిత్వమునకు నాలుగు దశలు కలవు. మొదటిది పరిచయము. మధ్యవర్తి తానెవరో, తనకు తీర్పు చెప్పు అధికారము లేదనియు, ఇక్కడ పలికిన మాట బయటకు పోదనియు చెప్పును. రెండవది ఉమ్మడి సమావేశము. ఒకరు చెప్పునప్పుడు రెండవవారు అడ్డుపడకుండ చూచుటయే ఇందు కష్టమైన పని. మూడవది విడివిడి సమావేశము. ఎదుటివారి ముందు చెప్పుకొనలేని బాధను, భయమును, అసలు కోరికను మనుష్యుడు ఇక్కడ బయటపెట్టును. నాలుగవది ముగింపు, కుదిరిన ఒప్పందమును తేటమాటలలో వ్రాసి, చదివి వినిపించి, సంతకములు పెట్టించుట. ఈ నాలుగింటిని ఉపన్యాసముగా వినిన చాలదు. శిక్షణార్థులే వాదిగా, ప్రతివాదిగా, మధ్యవర్తిగా వేషములు కట్టి అభ్యాసము చేయుదురు. వినుట, వినిన దానిని వారి మాటలలోనే తిరిగి చెప్పుట, కోపపు మాటలోని అసలు అవసరమును గుర్తించుట, చర్చ మొండికెత్తినచో విరామమిచ్చి మరియొక త్రోవ తీయుట, రాజీ కుదరనిచో తమ గతి యేమగునో ఎవరికి వారే ఆలోచించుకొనునట్లు చేయుట, ఇవి యన్నియు సాధనచేత వచ్చునవి. ఈతను గట్టున కూర్చుండి నేర్వలేము. అందుకే ఆ పది వ్యాజ్యముల నియమము.

ఇట్టి యోగ్యత న్యాయమూర్తికంటె, వైద్యునికంటె మధ్యవర్తికి ఎందుచేత ముఖ్యమో ఇప్పుడు చూతము. మా దృష్టిలో ఈ విషయమంతటికిని ఇదే కీలకము.

న్యాయమూర్తి తలుపులు తెరచిన కోర్టులో కూర్చుండును. ఆయన తీర్పు కారణములతో వ్రాయబడును. తప్పున్నచో పైకోర్టు దిద్దును. మధ్యవర్తి పని మూసిన తలుపుల వెనుక జరుగును. అట్లు జరుగుటయే ధర్మము. గుట్టు లేనిచో ఎవరును మనసు విప్పరు. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టము ఈ గోప్యతను కాపాడుచు, సమావేశములను శబ్దరూపమునగాని, దృశ్యరూపమునగాని రికార్డు చేయరాదని శాసించినది. మధ్యవర్తిని సాక్షిగా కోర్టునకు పిలుచుటకును వీలు లేదు. కనుక ఆ గదిలో మధ్యవర్తి తొందరపెట్టెనా, భయపెట్టెనా, ఒకరి రహస్యమును మరియొకరికి అందించెనా యనునది తరువాత తేల్చుట బహు దుర్లభము.

అంతటితో ఆగలేదు. ఆ చట్టము ప్రకారము మధ్యవర్తి యెదుట కుదిరి, ఇరుపక్షములు సంతకము చేసి, మధ్యవర్తి ధ్రువీకరించిన ఒప్పందమును కోర్టు డిక్రీవలె అమలు చేయవచ్చును. దానిని ప్రశ్నించుటకు కారణములు నాలుగే: మోసము, లంచగొండితనము, ఒకరి పేర మరియొకరు వచ్చుట, చట్టము మధ్యవర్తిత్వమునకు విడువని విషయమున రాజీ కుదుర్చుట. గడువు 90 దినములు. తగిన కారణమున్నచో మరి 90 దినములు. ఈ నాలుగింటిలో మధ్యవర్తి అసమర్థత యనునది లేదు. పని తెలియనివాడు చేయించిన రాజీకిని, పని తెలిసినవాడు చేయించిన రాజీకిని బలమొక్కటే. ఇందు నష్టపడినవానికి తరువాత దొరకు రక్షణ స్వల్పము. కావున రక్షణ ముందే యుండవలెను. మధ్యవర్తి ఆ గదిలో అడుగిడక పూర్వమే అతని యోగ్యత పరీక్షింపబడవలెను. తరువాత దిద్దుకొనలేని చోట ముందుగా చూచుకొనవలెననుట మన గృహస్థులకు క్రొత్తగా చెప్పవలసిన మాట కాదు.

ఒక ఉదాహరణము తీసికొందము. తండ్రి గతించెను, ఇద్దరన్నదమ్ములు, ఒక చెల్లెలు. ఆస్తి పంపకమున మాట పట్టింపులు వచ్చి మధ్యవర్తి యొద్దకు వచ్చిరి. పెద్దవాడు గట్టిగా మాటలాడును, రెండవవాడు లెక్కలు చెప్పును, చెల్లెలు తల వంచుకొని కూర్చుండును. పని తెలియని మధ్యవర్తికి ఇది సులభమైన తగవుగా తోచును. ఆడబడుచునకు పసుపు కుంకుమల క్రింద ఏదో ముట్టజెప్పి, మిగిలినది అన్నదమ్ములకు సమముగా పంచి, ఒక పూటలో సంతకములు చేయించి, ఇల్లు నిలబెట్టితినని సంతోషించును. కాని ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణ చట్టముచేత 1985 సెప్టెంబరు 5 నుండియే కలిగినది. 2005 లో దేశమంతటికిని వచ్చినది.

శిక్షణ పొందిన మధ్యవర్తి ఏమి చేయును? ఆమె పక్షమున వాదింపడు, న్యాయసలహా యీయడు. కాని ఆమెతో విడిగా మాటలాడును. ఆమె మౌనము అంగీకారము కాకపోవచ్చునని అతడు నేర్చియున్నాడు. తన హక్కు ఏమో ఆమెకు తెలియునా యని అడుగును. తెలియనిచో ఒక న్యాయవాదిని కలిసికొని వచ్చుటకు వ్యవధి యిచ్చును. అన్నీ తెలిసి, పుట్టింటి మీది ప్రేమచేత ఆమె తన వాటాలో కొంత వదులుకొన్నచో అది ఆమె యిష్టము. తెలియక వదులుకొన్నచో అది రాజీ కాదు. ఈ రెంటి భేదమును కనిపెట్టగలుగుటయే మధ్యవర్తి విద్య. ఒకే విధమైన సంతకముల వెనుక ఆ కుటుంబము కలిసియుండుటయో, కలకాలము ఎడమగుటయో ఆ భేదముపై ఆధారపడియుండును.

2023 నాటి చట్టము ఈ విషయమున చేసిన యేర్పాట్లను సంగ్రహముగా చెప్పెదము. సెప్టెంబరు 14న దానికి రాష్ట్రపతి ఆమోదము లభించినది. అందలి విభాగములన్నియు ఒక్కమారుగాగాక విడతలుగా అమలునకు వచ్చునట్లు నిర్దేశింపబడి, కొన్ని విభాగములు అక్టోబరు 9 నుండి అమలులోనికి వచ్చినవి. భారత మధ్యవర్తిత్వ మండలి యను సంస్థను ఆ చట్టము తలపెట్టినది. మధ్యవర్తులను నమోదు చేయుట, వారి శిక్షణకును, యోగ్యతా నిర్ణయమునకును మార్గములు చూపుట, వృత్తి ప్రవర్తనకు ప్రమాణములు విధించుట ఆ మండలి విధులు. మధ్యవర్తి తన స్వతంత్రతకు భంగము కలిగింపగల సంబంధమేదైన ఉన్నచో దానిని ముందుగానే వ్రాతమూలమున తెలుపవలెను. తాను తోడ్పడువాడనే గాని రాజీని రుద్దువాడను కాననియు, రాజీ కుదురునని హామీ యీయజాలననియు స్పష్టముగా చెప్పవలెను. 120 దినములలో పని ముగియవలెను. ఇరుపక్షములు ఒప్పుకొన్నచో మరి 60 దినములు.

అయితే ఆ రచ్చబండ పెద్దమనిషి యేమి కావలెను? చట్టము ఆయనను విస్మరింపలేదు. ఒక ప్రాంతమున నివసించువారి నడుమ శాంతికి భంగము కలిగించు వివాదములకై సామాజిక మధ్యవర్తిత్వమను ప్రత్యేకాధ్యాయము కలదు. ముగ్గురు మధ్యవర్తుల బృందము కూర్చుండును. వారి యెంపికలో సమాజమున మంచిపేరు, నిజాయితీ, సేవ చూడబడును. స్త్రీల ప్రాతినిధ్యమును గమనింపవలెను. కాని అక్కడ కుదిరిన ఒప్పందము కోర్టు డిక్రీవలె అమలు చేయదగినది కాదు. ఈ విభజనలో వివేకము కలదని మా యభిప్రాయము. మాట బలమే ఆధారమైన చోట మంచిపేరు చాలును. డిక్రీ బలము వచ్చు చోట మంచిపేరునకు తోడు నేర్చిన విద్యయు, అడుగువారును ఉండవలెను.

యోగ్యతాపత్రములవలన ఒక ప్రమాదము కూడ లేకపోలేదు. అవి ఒక వర్గమువారి గుత్తసొత్తుగా మారవచ్చును. న్యాయశాస్త్ర పట్టము లేనివారికి ప్రవేశము లేదన్నచో, కుటుంబ కలహములను చక్కదిద్దగల మనశ్శాస్త్రవేత్తలు, గృహనిర్మాణ వివాదములను ఇట్టే గ్రహింపగల ఇంజనీర్లు, దశాబ్దములుగా పిల్లలను, తల్లిదండ్రులను సమాధానపరచిన ఉపాధ్యాయినులు బయటనే నిలువవలసి వచ్చును. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున ఈ చిక్కునకు ఒక త్రోవ కనుగొనిరి. అక్కడ ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు నియమముల ప్రకారము సర్టిఫికెటు కోరువారికి 100 పాయింట్లు రావలెను. శిక్షణ, చదువు, అనుభవము, ఆరితేరిన మధ్యవర్తుల ప్రక్కన కూర్చుండి నేర్చుకొనుట, వీనికన్నిటికిని పాయింట్లుండును. ఒక్క పట్టమే ద్వారము కాదు. అయినను ఇరుపక్షములు ఇష్టపడినచో సర్టిఫికెటు లేనివానిని గూడ ఎన్నుకొనవచ్చును. మన చట్టము గూడ మధ్యవర్తిని ఎన్నుకొను స్వేచ్ఛను పక్షములకు మిగిల్చినది. ఆ స్వేచ్ఛను వినియోగించుకొనుటకు మనకు తెలివిడి యుండవలెను.

కావున మధ్యవర్తి యొద్దకు పోవు గృహస్థులు కొన్ని ప్రశ్నలు అడుగుటకు మొగమాటపడరాదు. మీరు ఈ విద్యలో ఎక్కడ, ఎన్ని గంటలు శిక్షణ పొందిరి? ఇట్టి వివాదములు ఇంతకుముందు ఎన్ని నడిపిరి? మీ పేరు ఏ కోర్టు కేంద్రపు జాబితాలోగాని, ఏ సంస్థలోగాని నమోదైయున్నది? మాలో ఎవరితోనైనను మీకు బంధుత్వముగాని, వ్యవహారముగాని కలదా? మీ రుసుము ఎంత, దానిని ఎవరెంత భరింపవలెను? మీ ప్రవర్తనపై ఫిర్యాదు చేయవలసివచ్చినచో ఎవరితో చెప్పుకొనవలెను? పని తెలిసిన మధ్యవర్తి ఈ ప్రశ్నలకు నొచ్చుకొనడు, సంతోషించును. నొచ్చుకొనినచో అదియు మనకొక సమాధానమే.

సర్టిఫికెటు ఓర్పును పుట్టింపలేదు, దయను నేర్పలేదు. ఆ మనిషి యెదుట కూర్చున్నప్పుడు మన మాట అతడు నిజముగా వినుచున్నాడో లేదో మనకే తెలియవలెను. కాని అతడు నేర్చి వచ్చినాడనియు, నియమములకు కట్టుబడినాడనియు, అతనిని అడుగువారు కలరనియు అది చెప్పగలదు. కపింజలమునకును కుందేలునకును అంతమాత్రపు ఆధారమైనను లేకపోయెను. మనకు దొరకుచున్న ఆధారమును అడిగి చూచుకొనుట మన పని; చూచుకొనిన పిమ్మట సైతము, ఒప్పందమును ఒక్కమారు ఇంటికి తీసికొనిపోయి నిదానముగా చదువుకొని గాని సంతకము చేయకుండుట మంచిది.